సీతమ్మ గీసిన బొమ్మ

(అజీజ్‌నగర్‌లో చదువు నేర్చుకుంటున్న అక్కచెల్లెళ్ల ముందు ఒక వాలంటీరు టీచరు చేసిన ప్రసంగం)



ఈ రోజు మీకు రామాయణం గురించి చెప్తాను. "రామాయణం మాకు తెల్వదా పంతులమ్మా? నువ్వు పుట్టకముందు నుంచి వింటున్నం" అని మీరు అంటారు. నిజమే. మీలో చాలామంది నాకంటే పెద్దవాళ్లు. కథ నాకంటే మీకే ఎక్కువ తెలుసు. అందుకే ఈ సంగతి మీ ముందే చెప్పాలి అనుకున్నాను.

ముందు నా తప్పు ఒకటి చెప్పుకోవాలి.

పోయిన బతుకమ్మ పండుగకు ముందు మనం ఇక్కడే కూర్చుని పాటలు పాడుకున్నాం. మీకు యాది ఉంది గదా! అప్పుడు ఒక అవ్వ పాట ఎత్తుకుంది. ఆమె పేరు చెప్పను. ఆమె ఇప్పుడు కూడా మీ మధ్యనే కూర్చుంది. ఆమె పాటలో సీతమ్మ లంక నుంచి అయోధ్యకు తిరిగి వచ్చింది. ఒకనాడు ఎవరో ఆమెను రావణుడి బొమ్మ గీయమని అడిగారు. సీతమ్మ బొటనవేలు గీసింది. అవ్వ అంతవరకు పాడింది. నేను మధ్యలో ఆపాను.

"అవ్వా, ఇది రామాయణంలో లేదు. చాకలివాడి మాట విని రాముడు సీతను అడవికి పంపాడు. అదీ అసలు కథ. తప్పు పాడొద్దు" అన్నాను.

అవ్వ నా మొహం చూసింది. "అట్లనా బిడ్డా! మా అమ్మ గిట్లనే పాడేది" అన్నది. అంతే. కొంగు సర్దుకుని కూర్చుంది. ఆ రోజు మళ్లీ నోరు తెరవలేదు. ఆ తర్వాత కూడా పాడలేదు.

నేను టీచర్ ట్రైనింగ్ చదివాను. నాకు తెలుసు అనుకున్నాను. ఇంటికి పోయాక మనసు ఊరుకోలేదు. పుస్తకాలు తెప్పించి చదివాను. చదివిన కొద్దీ నాకు సిగ్గు వేసింది. ఎందుకంటారా? చాకలివాడి మాట కూడా వాల్మీకి రామాయణంలో లేదు!

మీరు సరిగానే విన్నారు. వాల్మీకి సంస్కృతంలో రామాయణం రాశాడు. అందులో సుమారు 24,000 శ్లోకాలు ఉన్నాయి అని పెద్దలు చెప్తారు. చివరి భాగం ఉత్తరకాండ. అందులో భద్రుడు అనే మనిషి రాముడికి ఊరి సంగతులు చెప్తాడు. "ప్రజలు సీత గురించి ఇట్లా అనుకుంటున్నారు" అంటాడు. ఒక చాకలి అన్నాడు అని అక్కడ లేదు. ఊళ్లో జనం అన్నారు అనే ఉంది. చాకలి మాట తర్వాత వచ్చిన కథల్లో చేరింది. 1963లో వచ్చిన లవకుశ సినిమాలో మనం అందరం అదే చూశాం. అదే అసలు కథ అనుకున్నాం. ఊరంతా అన్న మాటను ఒక్క కులం నెత్తిన పెట్టారు. మన మధ్య ఉన్న చాకలి ఇళ్ల అక్కలు ఆ సినిమా చూసి ఎంత నొచ్చుకున్నారో నేను ఎప్పుడూ అడగలేదు.

అంటే నేను ఏం చేశాను? పుస్తకంలో లేని మాట చెప్పి, "నీ పాట పుస్తకంలో లేదు" అని అవ్వను ఆపాను.

సరే. ఇంకా చూద్దాం. మన పల్లెల్లో చిరుతల రామాయణం ఆడతారు. రాత్రంతా ఆడతారు. అందులో లక్ష్మణుడు గీత గీస్తాడు. "వదినా, ఈ గీత దాటొద్దు" అంటాడు. పిల్లలకు కూడా ఈ సంగతి తెలుసు. గీత దాటింది గనుకనే సీతకు కష్టం వచ్చింది అని ఆడపిల్లలకు చెప్తారు. మా నాయనమ్మ నాకు ఎన్నిసార్లు చెప్పిందో లెక్క లేదు. ఆ గీత వాల్మీకిలో లేదు. లక్ష్మణుడు బాధతో, కోపంతో వెళ్లిపోతాడు. గీత మాత్రం గీయడు. అది తర్వాతి వాళ్లు గీసిన గీత.

అహల్య కథ తీసుకోండి. అహల్య రాయి అయింది, రాముడి పాదం తగిలి మళ్లీ ఆడది అయింది. ఇదీ మనకు తెలిసిన కథ. వాల్మీకిలో ఆమె రాయి కాదు. ఎవరికీ కనబడకుండా, బూడిదలో పడుకుని, గాలి మాత్రమే తిని తపస్సు చేస్తుంది. రాముడు వచ్చాక ఆమె అందరికీ కనబడుతుంది. అప్పుడు రాముడు, లక్ష్మణుడు ఏం చేస్తారో తెలుసా? వంగి ఆమె పాదాలు పట్టుకుంటారు. రాముడి పాదం ఆమెకు తగలడం కాదు. రాముడే ఆమె పాదాలు తాకాడు. ఇది చదివినప్పుడు నేను పుస్తకం పక్కన పెట్టి కొంచెంసేపు అట్లాగే కూర్చున్నాను.

"అయితే తర్వాత చెప్పినవాళ్లంతా అబద్ధం చెప్పారా?" అని మీరు అడగవచ్చు. అట్లా కాదు. కథ ఒక నోటి నుంచి ఇంకో నోటికి పోతుంది. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పోతుంది. చెప్పే మనిషి తన బతుకులోని సంగతి కొంచెం కలుపుతుంది. మనం పచ్చడి నూరినట్లే. మామిడికాయ అదే. కారం, ఉప్పు ఒక్కో ఇంట్లో ఒక్కో తీరు.

తమిళంలో 12వ శతాబ్దంలో కంబడు అనే కవి రామాయణం చెప్పాడు. వాల్మీకిలో రావణుడు సీత జుట్టు పట్టుకుని, ఎత్తుకుని పోతాడు. కంబడికి ఆ మాట చెప్పడానికి మనసు ఒప్పలేదు. రావణుడు సీతను ముట్టుకోలేదు, ఆమె ఉన్న గుడిసెను నేలతో సహా పెకలించి ఎత్తుకుపోయాడు అని రాశాడు. ఉత్తరాన తులసీదాసు 1574లో అవధి భాషలో తన రామాయణం మొదలుపెట్టాడు. ఆయన కథలో రావణుడు ఎత్తుకుపోయింది అసలు సీతను కాదు, ఆమె నీడను. చూశారా! సీతకు మచ్చ రాకూడదని ఈ కవులు ఎంత ఆలోచించారో! కానీ నాకు ఒక అనుమానం. పరాయివాడు ముట్టుకుంటే ఆమెకు మచ్చ ఎందుకు రావాలి? తప్పు చేసింది వాడు గదా! ఈ సంగతి మీరే ఆలోచించండి.

ఇక మన తెలుగు సంగతి.

13వ శతాబ్దంలో గోన బుద్ధారెడ్డి రంగనాథ రామాయణం రాశాడు. దాన్ని ద్విపదలో రాశాడు. ద్విపద అంటే రెండేసి పాదాల పాట లాంటి పద్యం. చదువు రానివాళ్లు కూడా విని పాడుకోవచ్చు. తోలుబొమ్మలాట వాళ్లు ఆ పద్యాలు పాడుతూ బొమ్మలు ఆడించేవాళ్లు. ఉడుత ఇసుక తెచ్చి వారధికి సాయం చేసింది, రాముడు దాని వీపు నిమిరాడు అనే కథ మనకు ఈ రామాయణం నుంచి బాగా తెలిసింది. అది వాల్మీకిలో లేదు. ఉడుత వీపు మీద చారలు చూసినప్పుడల్లా మనం రాముణ్ని తలుచుకుంటాం గదా! లేని కథ అని దాన్ని తీసేస్తామా?

తర్వాత మొల్ల. ఈమె సంగతి మీకు తప్పకుండా తెలియాలి. ఆమె పూర్తి పేరు ఆతుకూరి మొల్ల. కుమ్మరి ఇంటి ఆడపిల్ల. తండ్రి పేరు కేసన. ఊరు గోపవరం. కడప జిల్లాలో బద్వేలు దగ్గర ఉందని చెప్తారు. 16వ శతాబ్దంలో ఆమె తెలుగులో రామాయణం రాసింది. ఆ రోజుల్లో ఆడది పద్యం రాయడమే వింత. కుమ్మరి ఇంటి ఆడది రాయడం ఇంకా వింత. పుస్తకం మొదట్లో ఆమె తన సంగతి చెప్పుకుంది. నాకు శాస్త్రాలు తెలియవు, వ్యాకరణం తెలియదు, దేవుడి దయ వల్ల రాశాను అంది. పద్యాలు చూస్తే ఏమీ తెలియని మనిషి రాసినట్లు ఉండవు! మనం కూడా అంతే గదా. వంట బాగా వండి, "ఏదో చేసిన, తినుండ్రి" అంటాం.

మొల్ల మాటలు తేలికగా ఉంటాయి. తేనె తగిలిన వెంటనే నోరు తీపి అవుతుంది, కవిత్వం కూడా విన్న వెంటనే అర్థం కావాలి అని ఆమె ఉద్దేశం. ఆమె కథలో ఒక తమాషా ఉంది. రాముడు గంగ దాటాలి. గుహుడు పడవ తెచ్చాడు. కానీ అతనికి భయం. రాముడి కాలి దుమ్ము తగిలి రాయి ఆడది అయిందట. ఇక తన పడవ కూడా ఆడది అయితే ఎట్లా? అందుకని ముందు రాముడి కాళ్లు కడిగాడు. నవ్వు వస్తుంది గదా!

మొల్ల రామాయణం పట్టాభిషేకంతో అయిపోతుంది. సీతను మళ్లీ అడవికి పంపే ఉత్తరకాండ ఆమె రాయలేదు. కంబడు కూడా అక్కడే ఆపాడు. మొల్ల మాత్రం ఆడది. గర్భిణిని అడవిలో వదిలిన సంగతి రాయడానికి ఆమెకు చేయి రాలేదేమో అని నాకు అనిపిస్తుంది. ఇది నా ఊహ మాత్రమే. పుస్తకంలో ఆమె అట్లా చెప్పలేదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. అదే పాటల సంగతి.

తెలుగు ఆడవాళ్లు రామాయణాన్ని పాటలుగా పాడుకున్నారు. పిండి విసురుతూ పాడారు. పేరంటంలో పాడారు. పిల్లను జోకొడుతూ పాడారు. ఇవి ఎవరు కట్టారో పేర్లు లేవు. 1955లో హైదరాబాదులోని ఆంధ్ర సారస్వత పరిషత్తు ఇట్లాంటి పాటలను "స్త్రీల రామాయణపు పాటలు" అనే పుస్తకంగా అచ్చు వేసింది. వెల్చేరు నారాయణరావు అనే పండితుడు ఈ పాటల మీద పెద్ద వ్యాసం రాశాడు. అది 1991లో అచ్చయింది. ప్రపంచమంతా ఆ వ్యాసం చదివింది. అచ్చయిన పాటలు ఎక్కువగా బ్రాహ్మణ ఇళ్లలో పాడినవి. పొలంలో కలుపు తీస్తూ, నాట్లు వేస్తూ పాడిన పాటలు అంతగా అచ్చు కాలేదు.

ఈ పాటల్లో యుద్ధం తక్కువ. ఇల్లు ఎక్కువ. సీతకు వేవిళ్లు వస్తాయి. కౌసల్య పురుటి నొప్పులు పడుతుంది. సీత వామనగుంటలు ఆడుతుంది. పెళ్లిలో ఎవరు ఎవరిని ఎత్తిపొడిచారో కూడా ఉంటుంది! రాముడికి శాంత అని అక్క ఉంది. వాల్మీకి ఆమెను ఏదో ఒకచోట తలుచుకుని ఊరుకున్నాడు. పాటల్లో శాంత పెద్ద ఆడబిడ్డ. ఆమె మాట్లాడితే రాముడైనా వినాలి.

ఊర్మిళ సంగతి వినండి. ఊర్మిళ లక్ష్మణుడి భార్య, సీత చెల్లెలు. లక్ష్మణుడు అన్న వెంట అడవికి పోయాడు. "నేను కూడా వస్తా" అంది ఊర్మిళ. తీసుకుపోలేదు. పద్నాలుగేళ్లు ఆమె ఏం చేసింది? పెద్ద పుస్తకాల్లో ఈ ప్రశ్నకు జవాబు లేదు. పాటలో ఉంది. ఆమె నిద్రపోయింది. పద్నాలుగేళ్లూ నిద్రపోయింది. అడవిలో లక్ష్మణుడు పద్నాలుగేళ్లూ నిద్ర లేకుండా కాపలా కాశాడు.

అందరూ తిరిగి వచ్చారు. పండుగలా ఉంది. ఊర్మిళ ఎవరికీ యాదికి లేదు. సీతకు యాదికి వచ్చింది. "నా చెల్లెలు ఒక్కతే ఉంది. లక్ష్మణుణ్ని ఆమె దగ్గరికి పంపండి" అని రాముడితో చెప్పింది. లక్ష్మణుడు ఆమె గదిలోకి పోయి, లేపాడు. ఊర్మిళ ఉలిక్కిపడి లేచింది. ఎదుట ఉన్న మనిషిని గుర్తు పట్టలేదు! ఎవరో పరాయివాడు అనుకుని గడగడలాడింది. అయినా నోరు ఆగలేదు. ఎవడివయ్యా నువ్వు, మా నాయనకు తెలిస్తే నిన్ను ఊరుకోడు, నీకు అక్కచెల్లెళ్లు లేరా, పరాయి ఆడదాన్ని కోరి ఇంద్రుడు ఏమయ్యాడు, రావణుడు ఏమయ్యాడు అని అడిగింది. లక్ష్మణుడు తను ఎవరో చెప్పుకుని, బతిమిలాడి, ఆమెను నమ్మించవలసి వచ్చింది.

మన దగ్గర కూడా మగవాళ్లు పని కోసం దుబాయికి పోతారు. ఏళ్ల తర్వాత వస్తే పిల్లలు "అమ్మా, ఈయన ఎవరు?" అంటారు. ఊర్మిళ పాట కట్టిన ఆమెకు ఈ బాధ తెలుసు.

ఇంకో పాట. దాని పేరు "లక్ష్మణదేవర నవ్వు". పట్టాభిషేకం జరుగుతోంది. సీతారాములు గద్దె మీద ఉన్నారు. సభ నిండుగా ఉంది. లక్ష్మణుడు ఉన్నట్టుండి పకపకా నవ్వాడు. అంతే, అందరి గుండెల్లో రాయి పడింది. నన్ను చూసే నవ్వాడు అని ఎవరికి వాళ్లే అనుకున్నారు. గంగను నెత్తిన పెట్టుకున్నానని నవ్వాడేమో అని శివుడు తల దించుకున్నాడు. అన్నను చంపించి రాజ్యం తీసుకున్నానని నవ్వాడు అనుకున్నాడు సుగ్రీవుడు. అన్న గుట్టు పగవాళ్లకు చెప్పానని అనుకున్నాడు విభీషణుడు. పరాయివాడి చోట ఉండి వచ్చానని నవ్వాడు అనుకుంది సీత. అట్లాంటి భార్యను ఏలుకున్నానని నవ్వాడు అనుకున్నాడు రాముడు! కోపంతో కత్తి దూశాడు. "ఎందుకు నవ్వినవ్?" అన్నాడు.

లక్ష్మణుడు చెప్పాడు. "అన్నా, అడవిలో నిద్రాదేవి నా దగ్గరికి వచ్చింది. పద్నాలుగేళ్లు నన్ను విడిచిపెట్టు, అయోధ్యకు పోయాక రా అన్నాను. ఆమె మాట తప్పలేదు. సరిగ్గా ఇప్పుడే వచ్చింది. ఇంత సభలో నిద్ర ముంచుకొస్తోంది. అందుకే నవ్వాను."

రాముడు సిగ్గుపడ్డాడు. సభలో ప్రతి ఒక్కరి మనసులో ఒక ముల్లు ఉంది. ఒక్క నవ్వుతో అన్ని ముళ్లూ బయటికి వచ్చాయి. పెద్ద పెద్ద పండితులు ఇంతకంటే బాగా చెప్పగలరా?

ఇప్పుడు అవ్వ పాట దగ్గరికి వస్తాను.

సీత రావణుడి బొమ్మ గీసిన కథ ఆ తెలుగు పాటల్లో ఉంది. శూర్పణఖ సన్యాసిని వేషంలో అయోధ్యకు వస్తుంది. ఆమె రావణుడి చెల్లెలు. అన్నను చంపారనే పగ ఆమెకు ఉంది. "రావణుడు ఎట్లా ఉంటాడో గీసి చూపించు" అంటుంది. "నేను వాడి మొహం ఎన్నడూ చూడలేదు. కాలి బొటనవేలు మాత్రమే చూశాను" అంటుంది సీత. ఆ వేలే గీస్తుంది. మిగతా బొమ్మ శూర్పణఖ పూర్తి చేస్తుంది. బొమ్మకు ప్రాణం వస్తుంది. సీతను వదలదు. రాముడు వచ్చే వేళ అవుతుంది. భయంతో దాన్ని మంచం కింద దాస్తారు. రాముడు చూస్తాడు. సీత మనసులో రావణుడు ఉన్నాడు అనుకుంటాడు. ఆమెను అడవికి తీసుకుపోయి చంపమని లక్ష్మణుడికి చెప్తాడు.

అప్పుడు ఇంట్లో ఆడవాళ్లు ఏం చేశారు? అత్త కౌసల్య, చెల్లెలు ఊర్మిళ, తోటికోడళ్లు మాండవి, శ్రుతకీర్తి, ఆడబిడ్డ శాంత అందరూ సీత వైపు నిలబడ్డారు. రాముడి ముందే మాట్లాడారు. అయినా రాముడు వినలేదు. లక్ష్మణుడికి మాత్రం చంపడానికి చేయి రాలేదు.

అంటే అవ్వ తప్పు పాడలేదు. వాళ్ల అమ్మ తప్పు పాడలేదు.

ఇంకో సంగతి చెప్తే మీరు నమ్మరు. ఈ బొమ్మ కథ మన తెలుగు నేల మీదే లేదు. బెంగాల్లో చంద్రావతి అనే ఆమె ఉండేది. 16వ శతాబ్దంలో, మొల్ల లాగానే ఆమె కూడా రామాయణం చెప్పింది. ఆమె ఊరు ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉంది. ఆమె పాటను అక్కడి పల్లె ఆడవాళ్లు పాడుకున్నారు. అందులో రాముడి గొప్పలు తక్కువ. సీత బతుకు ఎక్కువ. చాలాకాలం పండితులు ఇది రామాయణమే కాదు, సగం సగం ఉంది అని పక్కన పెట్టారు. నవనీతా దేవ్ సేన్ అనే రచయిత్రి దాన్ని మళ్లీ చదివి, ఇది ఆడదాని కంటితో చూసిన రామాయణం అని అందరికీ చెప్పింది.

చంద్రావతి పాటలో బొమ్మ గీయమని అడిగింది కుకుయా. ఆమె కైకేయి కూతురు. అంటే సీతకు ఆడబిడ్డ. సీత అప్పుడు కడుపుతో ఉంది. వద్దు వద్దు అన్నా వినలేదు. సీత తాటాకు విసనకర్ర మీద రావణుణ్ని గీసింది. అలసిపోయి నిద్రపోయింది. కుకుయా ఆ విసనకర్రను సీత గుండెల మీద పెట్టి, పోయి అన్నను పిలుచుకుని వచ్చింది! మన పాటలో ఆడబిడ్డ శాంత సీత వైపు నిలబడింది. అక్కడ ఆడబిడ్డే ఉరి పన్నింది. రెండు రకాల ఆడబిడ్డలూ మనకు తెలుసు. నవ్వకండి, నేను కూడా ఒక ఆడబిడ్డనే.

ఇంకా దూరం పోదాం. థాయ్‌లాండ్ అనే దేశం సముద్రం అవతల ఉంది. వాళ్లు బుద్ధుణ్ని కొలుస్తారు. వాళ్ల పాత రాజధాని పేరు అయుత్తయ. అంటే అయోధ్యే. వాళ్ల రాజులకు రాముడి పేరు ఉంటుంది. మొదటి రామ అనే రాజు 1797లో వాళ్ల రామాయణం రాయించడం మొదలుపెట్టాడు. దాని పేరు రామకియన్. బ్యాంకాక్‌లో రాజుగారి గుడి గోడల మీద ఈ కథను 178 బొమ్మలుగా గీశారు.

ఆ రామకియన్‌లో కూడా సీత రావణుణ్ని గీస్తుంది! అక్కడ అడిగింది శూర్పణఖ చుట్టం, ఒక రాక్షసి. దాసి వేషంలో వచ్చింది. సీత దేని మీద గీసిందో తెలుసా? పలక మీద. మీరు అక్షరాలు దిద్దిన పలక లాంటిదే. గీశాక చెరపబోయింది. ఎంత తుడిచినా చెరగలేదు. రాక్షసి అందులో దూరింది. సీత పలకను పరుపు కింద దాచింది. రాముడు వచ్చి పడుకున్నాడు. ఒళ్లు మంట పుట్టింది. వెతికితే పలక దొరికింది. చంపమని లక్ష్మణుడికి అప్పగించాడు. అక్కడ కూడా లక్ష్మణుడు చంపలేదు. జింక గుండె తెచ్చి చూపించాడు.

తెలుగు ఇంట్లో బొటనవేలు. బెంగాల్లో విసనకర్ర. థాయ్‌లాండ్‌లో పలక. మూడు చోట్లా గీయమన్నది ఇంకొకరు. మూడు చోట్లా సీత మనసులో తప్పు లేదు. మూడు చోట్లా ఆమెను ఎవరూ అడగలేదు. "ఇది నువ్వు ఎందుకు గీసినవ్? ఏం జరిగింది?" అని ఒక్క మాట అడిగితే కథ అక్కడే అయిపోయేది. ఈ ఒక్క మాట అడగకపోవడం వల్ల ఎన్ని ఇళ్లు కూలిపోయాయో మీకు నేను చెప్పాలా?

మిగతా దేశాల సంగతి తొందరగా చెప్తాను. ఇండోనేషియాలో జావా అనే దీవి ఉంది. అక్కడ ఎక్కువమంది ముస్లింలు. 9వ శతాబ్దంలో కట్టిన ప్రంబనన్ గుళ్ల గోడల మీద రామాయణం చెక్కి ఉంది. 1961 నుంచి ఆ గుళ్ల దగ్గర రామాయణం నాట్యం ఆడుతున్నారు. ఆడేవాళ్లలో ముస్లింలు కూడా ఉన్నారు. మన ఊళ్లో పీర్ల పండుగకు అందరూ కలిసినట్లే. మారిషస్ దీవికి 19వ శతాబ్దంలో మన తెలుగు వాళ్లను చెరుకు తోటల్లో కూలి కోసం ఓడల్లో తీసుకుపోయారు. వాళ్ల పిల్లలు, మనవళ్లు ఇప్పటికీ అక్కడ దీపం చుట్టూ తిరుగుతూ రామభజనం చేస్తారు. ఓడ ఎక్కినవాళ్లలో చాలామందికి చదువు లేదు. పాట మాత్రం వెంట పోయింది.

అంత దూరం ఎందుకు! మనకు దగ్గరే గోల్కొండ. తానీషా పాలించిన కాలంలో భద్రాచలం గుడి కట్టిన కంచర్ల గోపన్న ఆ కోటలోనే ఖైదులో ఉన్నాడు. ఆయనే రామదాసు. రాముడు ఎంతకూ పలకకపోతే ఆయన ఏం చేశాడు? రాముడితో నా మాట చెప్పమ్మా అని సీతమ్మను అడుగుతూ పాట కట్టాడు. ఇంట్లో పని ఎవరి వల్ల అవుతుందో ఆయనకు కూడా తెలుసు!

ఈ కథలన్నీ నాకు నచ్చాయని చెప్పను. రామకియన్‌లో హనుమంతుడికి చాలామంది ప్రియురాళ్లు ఉన్నారు. మన హనుమంతుడు బ్రహ్మచారి. అది చదివితే నాకు మింగుడు పడలేదు. మన పాటల్లో కూడా శూర్పణఖకు ముక్కు, చెవులు కోసిన బాధ ఎవరూ పట్టించుకోరు. ఆమె చెడ్డదే. అయినా ఆమె కూడా ఆడదే గదా అనిపించింది. మీలో కొందరికి ఈ మాట కోపం తెప్పించవచ్చు. వాల్మీకిని భక్తితో చదివే ఇళ్లు ఉన్నాయి. చదవనీయండి. శ్రీరామనవమికి నేను కూడా పానకం తాగుతాను. ఒకరి పుస్తకం చూపించి ఇంకొకరి నోరు మూయించడమే నాకు ఇష్టం లేదు. ఆ పని నేనే చేశాను. అందుకే ఇంతసేపు చెప్పాను.

పోయిన వారం నేను అవ్వ ఇంటికి పోయాను. "అవ్వా, తప్పు నాది. నీ పాట నిజమే. పెద్ద పెద్ద పుస్తకాల్లో దాని గురించి రాశారు" అన్నాను. అవ్వ నవ్వింది. "పుస్తకంల ఉంటేనే నిజమైందా బిడ్డా?" అన్నది. నా దగ్గర జవాబు లేదు.

మళ్లీ పాడమని అడిగాను. పాడింది. మన అక్కల్లో ఒకామె పక్కన కూర్చుని నోటు పుస్తకంలో రాసింది. ఆమె అక్షరాలు నేర్చుకుని ఇంకా ఏడాది కాలేదు. ఒత్తులు కొన్ని తప్పాయి. ఫరవాలేదు, దిద్దుకోవచ్చు. కానీ బొటనవేలు దాటినాక అవ్వకు పాట అందలేదు. "మధ్యల నాలుగు మాటలు పోయినయ్ బిడ్డా. పాడక పాడక మర్సిపోయిన" అన్నది. నేను ఆ రోజు ఆపకపోతే అప్పుడే మొత్తం రాసుకునేవాళ్లం. ఇప్పుడు ఆ పేజీలో సగం ఖాళీగా ఉంది. చివర లక్ష్మణుడు సీతను అడవికి తీసుకుపోయే చోట పాట మళ్లీ మొదలవుతుంది.

మీ పుట్టిళ్లు చేవెళ్లలో ఉన్నాయి, శంకర్‌పల్లిలో ఉన్నాయి, చిలుకూరు దగ్గర ఉన్నాయి. పోయినప్పుడు మీ అమ్మను, నాయనమ్మను ఈ పాట అడగండి. రెండు మాటలు దొరికినా రాసుకుని రండి. వేరే తీరుగా పాడినా అట్లాగే రాయండి. దిద్దకండి. నోటు పుస్తకం ఇక్కడే బల్ల మీద ఉంటుంది. పెన్సిలు దారంతో కట్టి ఉంది.

అవ్వా, ఇప్పుడు నువ్వు అందుకో. ఎంతవరకు యాదికి ఉంటే అంతవరకే పాడు. ఈసారి నేను ఆపను.